తలకు యాపిల్ సైడర్ వెనిగర్: బోరు నీళ్ల జుట్టుకు సరే, చుండ్రుకు కాదు

చుండ్రు పోతుందనో, ఊడిన జుట్టు మళ్లీ మొలుస్తుందనో యాపిల్ సైడర్ వెనిగర్ కొనబోతున్నవాళ్లు ఆ పైసలు దాచుకోండి. బోరు నీళ్లతో తలస్నానం చేసి, జుట్టు గరుకెక్కి, దువ్వెన దిగక తిప్పలు పడుతున్నవాళ్లు మాత్రం మొత్తం చదవండి. నాకు ఈ సీసా పనికొచ్చింది. ఏ పనికి, ఎంతవరకు అన్నది వివరంగా రాస్తాను.

నేను హన్మకొండలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. నాది నడుము దాకా ఉండే జుట్టు, వెంట్రుక సన్నం. వరంగల్ పాత ఇంట్లో ఉన్నన్నాళ్లు తానానికి నల్లా నీళ్లే కాబట్టి ఏ షాంపూ పెట్టినా జుట్టు మాట వినేది. నయీంనగర్ వైపు కిరాయి పోర్షన్‌కు మారినంక కథ అడ్డం తిరిగింది. ఇక్కడ నల్లా నీళ్లు తాగడానికి, వంటకు పట్టుకునేంతే వస్తాయి. తానాలకు, బట్టలకు బోరే దిక్కు. ఫిల్టర్ బిగించడానికి వచ్చిన అబ్బాయి టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పులు) కొలిచే మీటర్ ముంచితే 900 దాటింది. "అక్కా, ఈ నీళ్లతోని కందిపప్పు కూడా ఉడకది" అన్నాడు. నిజమే, ఉడకదు. సర్ఫ్ ఎంత పోసినా నురగ రాదు. బకెట్ అంచుకు తెల్లటి చారలు, గీజర్ నల్లా మూతికి సున్నపు గడ్డలు.

తాగే నీళ్లకు మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు, కఠినత్వం, అంటే కాల్షియం, మెగ్నీషియంల లెక్క, 200 లోపు ఉండాలి. వేరే దారి లేని చోట 2000, 600 దాకా ఒప్పుకుంటారు. అంటే మా బోరు నీళ్లు మరీ ఘోరమైనవేం కాదు. వరంగల్ చుట్టూ రాతి నేల కదా, బోరు ఎక్కడ వేసినా నీళ్లు కొంచెం గట్టిగానే పడతాయి. కానీ తాగితే ఓర్చుకునే నీళ్లను జుట్టు ఓర్చుకోదు. మారిన కొన్ని వారాలకే తలస్నానం చేసి ఆరబెట్టుకుంటే కొబ్బరి పీచు చేతికొచ్చినట్టు ఉండేది. కండిషనర్ రాస్తే ఆ పూటకు నడిచేది, మళ్లీ మామూలే.

నేను కొన్నది అర లీటరు గాజు సీసా, హన్మకొండ చౌరస్తా దగ్గర సూపర్ మార్కెట్‌లో. మూడు వందల యాభై పడింది. ఇప్పుడు పది రకాల సీసాలు ఉన్నాయి. ఆ మాటకొస్తే ఇది అలంకరణ సామాను వరుసలో లేదు, నూనెలు, సాసుల పక్కన ఉంది. ఏ బ్రాండైనా సరే, చూడాల్సింది ఒక్కటే: లేబుల్ మీద ఎసిటిక్ యాసిడ్ 5 శాతం అని ఉందా లేదా. యాపిల్ రసంలోని చక్కెరను ఈస్ట్ ఆల్కహాల్‌గా మారిస్తే, ఆ ఆల్కహాల్‌ను ఎసిటోబాక్టర్ అనే బ్యాక్టీరియా ఎసిటిక్ యాసిడ్‌గా మారుస్తుంది. పులుపు, వాసన, జుట్టు మీద పని, అన్నీ ఆ యాసిడ్‌వే.

సీసా అడుగున ముదురు రంగు మబ్బులాంటిది తేలుతుంటుంది. దాన్నే 'మదర్' అని పెద్ద అక్షరాల్లో వేసి రేటు పెంచుతారు. అది ఆ బ్యాక్టీరియా, అది అల్లుకున్న సెల్యులోజ్ పోగులు. తాగేవాళ్లకు ఏం చేస్తుందో వాళ్ల ఇష్టం. తలకు మాత్రం దాంతో పని లేదు, పైగా తలనొప్పి. సీసా ఊపి అట్లనే మగ్గులో పోస్తే ఆ జిగురు పోగులు వెంట్రుకలకు చుట్టుకుని, ఆరినాక చూస్తే గోధుమరంగు తుంపులు. చుండ్రు లేని నెత్తిలో చుండ్రు కనబడుతుంది! చాయ్ జాలితో వడకట్టుకోండి, లేదా సీసా ఊపకుండా పైన తేటనే వంపుకోండి.

ఇక అసలు కొలత. ఇంటర్నెట్‌లో ఒకరు సగం వెనిగర్ సగం నీళ్లు అంటారు, ఇంకొకరు నేరుగా దూదితో మాడుకు అద్దమంటారు. దయచేసి అట్ల చేయకండి. మా పై పోర్షన్‌లో ఉండే చెల్లె ఏదో వీడియో చూసి సగంసగం కలిపి, పైన టవల్ చుట్టుకుని కూర్చుంది. చెవుల వెనక, నుదుటి అంచున చర్మం ఎర్రగా కమిలి పొట్టు లేచింది. సగంసగం అంటే రెండున్నర శాతం యాసిడ్ మరి. 2019లో పీడియాట్రిక్ డెర్మటాలజీ అనే పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఎగ్జిమా (చర్మం ఎండి దురదపెట్టే జబ్బు) ఉన్నవాళ్లు, లేనివాళ్లు ఇద్దరికీ ఒక ముంజేతిని 0.5 శాతం యాసిడ్ ఉండేలా పలచన చేసిన యాపిల్ వెనిగర్‌లో రోజుకు పది నిమిషాలు నానబెట్టించారు. చర్మానికి మేలేమీ కనబడలేదు, ఎక్కువ మందికి మంట, చిరచిర మాత్రం వచ్చాయి. 0.5 శాతానికే ఆ సంగతి అయితే రెండున్నర శాతం నెత్తిన పెట్టుకుని కూర్చుంటే ఏమవుతుంది?

నా కొలత ఇది: అర లీటరు నీళ్లకు 15 మిల్లీలీటర్ల వెనిగర్. మా దగ్గర సిరంజిలకు కొదువ లేదు కాబట్టి పది ఎం.ఎల్. సిరంజితో ఒకటిన్నర సార్లు లాగి పోస్తాను. మీరు ఒక పెద్ద టేబుల్ స్పూన్ అనుకోండి. లెక్క వేస్తే 0.15 శాతం యాసిడ్ వస్తుంది.

పీహెచ్, అంటే పులుపు ఎంతుందో చెప్పే అంకె (అంకె తగ్గితే పులుపు ఎక్కువ), కొలుద్దామని ముందు ల్యాబ్‌లో మూత్రం పరీక్షకు వాడే స్ట్రిప్ ముంచాను. అది 5 కంటే కిందికి చూపదు, చివరి రంగు దగ్గరే ఆగిపోయింది. తర్వాత పీహెచ్ పేపర్ తెప్పించి రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టాను. ఒకదాంట్లో ఫిల్టర్ నీళ్లు, ఒకదాంట్లో బోరు నీళ్లు, రెండింట్లోనూ వెనిగర్ అదే కొలత. ఫిల్టర్ నీళ్లలో ముంచిన ముక్క ముదురు నారింజకు తిరిగింది, 3 దాటి కొంచెం. బోరు నీళ్ల ముక్క పసుపు దిక్కుకు జరిగి 4 దాటి నిలబడ్డది. ఎందుకంటే బోరు నీళ్లలో ఉన్న బైకార్బొనేట్ అనే క్షారం కొంత యాసిడ్‌ను అక్కడికక్కడే తినేస్తుంది. కాబట్టి ఎవరో బెంగళూరులో కూర్చుని రాసిన కొలత మన బోరుకు సరిపోదు. మన కొలత వాళ్ల మినరల్ వాటర్‌కు ఘాటవుతుంది. ఏ నీళ్లు కలిపితే ఆ నీళ్లకు చూసుకోవాలి. జుట్టు సొంత పీహెచ్ 3.67 ప్రాంతంలో, మాడు చర్మం 5.5 ప్రాంతంలో ఉంటుంది గనక, 4 దాటి ఉండే కలిపిన నీళ్లు రెండింటికీ నడుస్తాయి.

వాడే తీరు పెద్ద కష్టం కాదు. షాంపూ అయ్యాక, నీళ్లు పిండేసి, తల వెనక్కి వాల్చి మగ్గు నిదానంగా పోసుకోవాలి. ముందుకు వంగి పోసుకుంటే కళ్లలోకి పోతుంది, మండుతుంది. వేళ్లతో మాడు దాకా పంపి, ఒకటి రెండు నిమిషాలు ఉంచి, మామూలు నీళ్లతో కడిగేయాలి. చివరి మగ్గుకు నేను ఫిల్టర్ నీళ్లే వాడతాను. మళ్లీ బోరు నీళ్లే గుమ్మరిస్తే చేసిన పని సగం వెనక్కి పోతుంది. ఈ ఒక్క మార్పు వెనిగర్ అంత పని చేస్తుందని నా అభిప్రాయం. ఫిల్టర్ నీళ్లు తలకు పోస్తున్నానని మా ఆయన మొదట్లో గొణిగాడు, ఆయన గొణుగుడు ఎప్పుడూ ఉండేదే.

ఫలితం మొదటిసారే తెలిసింది. తడి జుట్టులో వేళ్లు పెడితే కిర్రుమనకుండా జారాయి. ఆరినాక చివర్ల దాకా దువ్వెన దిగింది. ఎండలో నిలబడితే మెరుపు కనబడింది. వెంట్రుక పైన పెంకుల్లాంటి పొర ఉంటుంది, ఒకదాని మీద ఒకటి పరుచుకుని. క్షారం తగిలితే ఆ పెంకులు లేస్తాయి, పులుపు తగిలితే సర్దుకుని పడుకుంటాయి. పడుకున్న పెంకుల మీద వెలుతురు సాఫీగా తిరిగి వస్తుంది, అదే మెరుపు. దానికి తోడు, వెంట్రుకకు అంటుకున్న కాల్షియం కొంత పులుపుకు వదులై నీళ్లతో పోతుంది. గీజర్ నల్లా మూతి మీది సున్నపు గడ్డకు తడి గుడ్డలో వెనిగర్ పట్టించి కట్టి చూడండి, పొద్దుటికి గోరుతో ఊడొస్తుంది.

అయితే ఆ మెత్తదనం తర్వాతి తలస్నానం దాకానే. ఇది మందు కాదు, తెగిన చివర్లను అతికించదు, మళ్లీ మళ్లీ చేయాల్సిన పని. నేను వారానికి ఒకసారే చేస్తున్నాను. అంతకు మించితే నా సన్న జుట్టు పొడిబారుతోంది.

వాసన గురించి దాచేది లేదు, మస్తు ఉంటుంది. తడి మీద ఇల్లంతా తెలుస్తుంది. మొదటిసారి బాత్రూమ్ నుంచి బయటికి రాంగనే మా అత్తమ్మ, "ఏంది బిడ్డా, నెత్తికి తొక్కు గిట్ల రాసుకున్నవా?" అన్నది. పూర్తిగా ఆరితే పోతుంది. పూర్తిగా అన్నది గుర్తుపెట్టుకోండి. సగం తడి మీద జడ వేసి, హెల్మెట్ పెట్టుకుని ల్యాబ్‌కు పోతే, హెల్మెట్ తీసినప్పుడు పక్కనోళ్లకు తెలుస్తుంది. వానాకాలం జుట్టు ఆరదు కాబట్టి ఆదివారం తప్ప నేను ముట్టను.

అత్తమ్మ వాదన ఇంకోటి ఉంది. "మా కాలంల కుంకుడు రసం పోసుకునేటోళ్లం. ఈ సీసాల పనే లేకుండె." ములుగులో ఆమె చెల్లెలింటి నుంచి కుంకుడుకాయలు వస్తాయి, కొట్టి గింజ తీసి నానేసుకుంటుంది. నేను ఆ రసంలో కూడా పీహెచ్ పేపర్ ముంచాను, 5 ప్రాంతంలో చూపించింది. అంటే కుంకుడు రసం ముందే పులుపు వైపు ఉంది. దాని నురగ సపోనిన్లు అనే కాయలోని పదార్థాల వల్ల వచ్చేది, సబ్బులాగా కాల్షియంతో కలిసి గడ్డ కట్టదు. అందుకే బోరు నీళ్లలో కూడా ఆమె జుట్టు నా అంత పాడవలేదు. కుంకుడుకాయలతో తలంటుకునే ఇంట్లో వెనిగర్ అవసరం చాలా తక్కువ. అత్తమ్మ మాట నూటికి తొంభై పాళ్లు నిజం. మిగిలిన పది పాళ్లు కంట్లో పడ్డ కుంకుడు రసం మంట, పొద్దున ఏడింటికి డ్యూటీ ఎక్కేవాళ్లకు నానబెట్టి పిసికే టైం లేకపోవడం.

ఇప్పుడు చుండ్రు. మా ఆయన రోజూ బండి మీద పరకాల పోయి వస్తాడు. హెల్మెట్ కింద చెమట, మాడు మీద పొట్టు, నల్ల అంగీ వేసుకోలేని పరిస్థితి. నా సీసా చూసి ఆయన కూడా మొదలుపెట్టాడు. దురద ఒక పూట తగ్గినట్టు అనిపించేది, పొట్టు మాత్రం ఎప్పటిలాగే. చుండ్రు వెనక ఉండేది మలసేజియా అనే ఫంగస్, మాడు మీది నూనె తిని బతుకుతుంది. మనం పలచన చేసి రెండు నిమిషాలు పోసే పులుపుకు అది చస్తుందని నేను నమ్మను. చివరికి చర్మ డాక్టర్ 2 శాతం కీటోకొనజోల్ షాంపూ రాశారు, వారానికి రెండుసార్లు, నురగ చేసి ఐదు నిమిషాలు ఉంచి కడగమని. అది అదుపు చేసింది. అది కూడా మానేస్తే మళ్లీ మొదలవుతుంది, అది వేరే కథ. మాడు మీద మందమైన పొలుసులు, చీము, గుండ్రంగా జుట్టు ఊడిన మచ్చలు ఉంటే వెనిగర్ జోలికే పోవద్దు, నేరుగా డాక్టర్ దగ్గరికి పోవాలి.

జుట్టు ఊడటం మా ల్యాబ్‌లో రోజూ చూసే సంగతి. జుట్టు రాలుతుందని వచ్చే ఆడవాళ్ల చీటీల మీద డాక్టర్లు రాసేది సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ఒక్కోసారి విటమిన్ డి. రక్తం తక్కువై హిమోగ్లోబిన్ 8, 9 ఉన్న పిల్లలు కూడా సంచిలో ఏదో ఒక తల నూనె సీసాతో వస్తారు. ఇంకోటి, వానాకాలంలో డెంగీనో టైఫాయిడో వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు, అంటే దసరా దీపావళి నాటికి, కుప్పలుగా రాలడం మొదలవుతుంది. జ్వరం దెబ్బకు ఎక్కువ వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి పోయి, తర్వాత కలిసి రాలతాయి. కొన్ని నెలలకు దానంతట అదే సర్దుకుంటుంది. ఆ టైంలో ఏది వాడుతుంటే పేరంతా దానికి పోతుంది. వెనిగర్ వాడితే రాలడం ఆగిందని చెప్పేవాళ్లలో కొందరిది ఈ లెక్కేనని నా అనుమానం.

మా వృత్తి తెలివి ఒకటి ఇక్కడ పనికొస్తుంది. సీబీపీకి రక్తం తీసే ఊదా మూత ట్యూబు చూసి ఉంటారు. అందులో ఈడీటీఏ ఉంటుంది. రక్తంలోని కాల్షియంను అది పట్టి బంధిస్తుంది కాబట్టి రక్తం గడ్డకట్టదు. నీలి మూత ట్యూబులో సిట్రేట్ ఉంటుంది, దాని పని కూడా అదే. మీ షాంపూ సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి, చాలా వాటిల్లో డైసోడియం ఈడీటీఏ అనో, టెట్రాసోడియం ఈడీటీఏ అనో ఉంటుంది. బోరు నీళ్లోళ్లు అది ఉన్న షాంపూ ఏరుకుంటే కొంత గొడవ అక్కడే తగ్గుతుంది. అట్లనే నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్, కాల్షియంను పట్టడంలో వెనిగర్ కంటే గట్టిది. లీటరు నీళ్లలో చిటికెడు వేస్తే చాలు, వాసన అసలే ఉండదు. ఎక్కువ వేస్తే మాడు చిరచిరలాడుతుంది, చిటికెడంటే చిటికెడే. నిమ్మకాయ నేరుగా పిండుకోవద్దంటాను. రసం తల మీద, మెడ మీద మిగిలి ఎండలో పోతే కొందరికి నల్ల మచ్చలు పడతాయి, మన ఎండలు తెలిసినవే కదా.

రెడీమేడ్‌గా వచ్చే 'వెనిగర్ హెయిర్ రిన్స్' కూడా ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. డబ్బా తెరిచేసరికి మూత దగ్గర కారి అట్ట నానిపోయి ఉంది. సరే అది కొరియర్ తిప్పలు అనుకున్నా. లేబుల్ చదివితే మొదట నీళ్లు, తర్వాత నాలుగైదు రసాయనాలు, తర్వాత సువాసన, దాని తర్వాత వెనిగర్! రేటు చూస్తే రెండు వందల మిల్లీలీటర్లకు నా అర లీటరు సీసా కంటే ఎక్కువ. జుట్టు మెత్తబడ్డది, కాదనను. మామూలు కండిషనర్ రాసినా అంతే మెత్తబడుతుంది, ఎందుకంటే కండిషనర్లను కూడా సిట్రిక్ యాసిడ్ కలిపి పులుపు వైపే తయారుచేస్తారు. రెండోసారి కొనను.

కిరాయికి ఉండేవాళ్లకు ఒక హెచ్చరిక. మా బాత్రూమ్‌లో కింద షాబాదు బండ. సీసా వంపేటప్పుడు ఒక చుక్క కింద పడితే చుయ్యిమని సన్నటి బుడగలు లేచాయి. తుడిచినాక చూస్తే అక్కడ నునుపు పోయి తెల్లబారిన మచ్చ. షాబాదు, తాండూరు బండలు రెండూ సున్నపురాయే, మార్బుల్ కూడా అంతే. యాసిడ్ పడితే తింటుంది. కలిపిన నీళ్లు పెద్దగా ఏం చేయవు గానీ, కలపడం మాత్రం వంటింట్లో స్టీలు సింకు మీద పెట్టుకోండి. ఓనరుకు ఆ మచ్చ ఇంకా కనబడలేదు.

మార్కులు అడిగితే: బోరు నీళ్ల జుట్టుకు ఐదులో నాలుగు. నల్లా నీళ్ల ఇంటికి రెండు, అదీ మొహమాటానికి. చుండ్రుకు సున్నా. ఆ నాలుగు కూడా పులుపుకే గానీ యాపిల్‌కు కాదు. ఆ సంగతి తేల్చుకోవడానికి మండీబజార్‌లో ఒక కిరాణా కొట్టుకు పోయి తెల్ల వెనిగర్ అడిగాను. "సిర్కానా అమ్మా? నూడుల్స్ బండోళ్లు పట్టుకపోయేది గదే" అని సేటు కింది అర నుంచి దుమ్ము తుడిచి ఇచ్చాడు. ఆరు వందల మిల్లీలీటర్లు నలభై రూపాయలు. ఎసిటిక్ యాసిడ్‌ను నీళ్లలో కలిపి చేసే సింథటిక్ సరుకు, యాపిల్ ఊసే లేదు. పీహెచ్ పేపర్ మీద అదే రంగు, జుట్టు మీద అదే జారుడు. వాసన మాత్రం ముక్కు పగలగొడుతుంది, కానీ యాపిల్‌ది కంటే తొందరగా పోతుంది.

లెక్క చూడండి. అర లీటరు యాపిల్ వెనిగర్ తలస్నానానికి 15 ఎం.ఎల్. చొప్పున ముప్పై మూడు సార్లు వస్తుంది, ఒక్కోసారికి పది రూపాయల పైనే. తెల్లది నలభై సార్లు వస్తుంది, ఒక్కోసారికి రూపాయి. సలాడ్లలోకి, చట్నీల్లోకి కూడా వాడే ఇల్లయితే యాపిల్‌ది కొనుక్కోండి. లేబుల్ మీద 5 శాతం ఉండాలి, మూత ప్లాస్టిక్‌ది ఉండాలి, ఇనుప మూతకు తుప్పు పడుతుంది. ఒట్టి తలకే అయితే నేను ఈ సీసా అయిపోయాక మళ్లీ సూపర్ మార్కెట్‌కు పోయేది లేదు, మండీబజార్‌కే.